పొగ లేని హెలికాప్టర్

నా భుజం వెనక ఎవరైనా నిలబడితే నాకు చేతులు ఆడవు. చదువుకునే రోజుల్లో పరీక్ష హాల్లో ఎవరైనా నా వెనక ఆగితే, వాళ్లు కదిలేదాకా పెన్నుకు మూత పెట్టి కూర్చునేదాన్ని. అలాంటి నేను పోయిన వేసవంతా ప్రతి ఆదివారం ఒక మనిషిని కుడి భుజం వెనక నిలబెట్టుకుని హెలికాప్టర్ ఎగరేశాను. ఆ మనిషంటే నాకు గిట్టదు. నేనంటే అతనికీ గిట్టదు. ఈ సంగతి ఇద్దరం నోటితో చెప్పుకోలేదు గానీ, పెద్దగా దాచుకోనూ లేదు.

హెలికాప్టర్ అంటే రిమోట్‌తో నడిచేది. ‘బొమ్మ’ అంటాడు మా ఆయన. బొమ్మ కాదు. నేలమీద పెడితే ముక్కు నుంచి తోక దాకా మా డైనింగ్ టేబుల్ పొడుగు ఉంటుంది. లోపల మిథనాల్‌తో నడిచే అసలు ఇంజన్ ఉంది. పైన తిరిగే రెక్క తగిలిందంటే వేలు మిగలదు. అందుకే మా క్లబ్బులో ఒక నియమం పెట్టారు. పరీక్షలో పాసై, కార్డు మీద సంతకం పడేదాకా ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండా ఎవరూ ఎగరేయకూడదు. విమానాలు నేర్పేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. హెలికాప్టర్ నేర్పేది మాత్రం అతనొక్కడే.

నాకు కావలసింది ఆ ఒక్క సంతకం. అది పడితే వారం మధ్యలో సెలవున్న రోజు పొద్దున్నే క్లబ్బువాళ్లు ఎగరేసే ప్యాడాక్‌కు, ఆ గొర్రెల బీడుకు, ఒక్కదాన్నే వెళ్లి, వెనక ఏ మనిషీ లేకుండా ఎగరేసుకోవచ్చు. వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. అక్కడ నా వెనక మేనేజర్ ఉంటాడు. ఇంట్లో మామయ్య ఉంటాడు. వెనక ఎవరూ లేని చోటు ఒకటి నాకు కావాలి. ఇందులో గొప్ప ఆశయం ఏమీ లేదు.

ఇన్‌స్ట్రక్టర్ ఇక్కడివాడే, తెల్లాయన, రిటైరైన మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. అతను ఇంగ్లీషులో అన్న మాటలు తెలుగులో పెడితే అందులోని విషం సగం కారిపోతుంది, అయినా చెబుతాను. మొదటి రోజు నా హెలికాప్టర్ చుట్టూ ఒకసారి తిరిగి, “మీ ఇంట్లో దీన్ని ఎవరు చూసుకుంటారు?” అన్నాడు. నేనే అన్నాను. “అంటే, మరమ్మతు?” అన్నాడు. నేనే అన్నాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివానని కూడా చెప్పాను. “చాలా బాగుంది” అని, చిన్నపిల్ల చూపించిన బొమ్మను మెచ్చుకున్నట్టు తల ఊపాడు. అప్పుడే నాకు ఒళ్లు మండింది.

ఇంజన్ పక్కన నీడిల్ అనే చిన్న మర ఉంటుంది. ఇంజన్‌లోకి ఎంత ఇంధనం పోవాలో అది చూసుకుంటుంది. వదులు చేస్తే ఎక్కువ పోతుంది, బిగిస్తే తక్కువ పోతుంది. ఆ రోజు అతనే దాన్ని సరిచేసి, “దీని మీద చెయ్యి వేయకు” అన్నాడు. నేను వేయలేదు. నాకు నచ్చని మనిషి చెప్పినా, పనికొచ్చే మాటైతే వింటాను.

ఇప్పుడు మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, సంగతి చెప్పాలి. అత్తయ్య పోయాక హైదరాబాద్ ఇల్లు అద్దెకిచ్చి, ఈ దేశమొచ్చి పాపటోయిటోయి అనే ఈ పేటలో మా దగ్గరే ఉంటున్నాడు. ఆయనది తగ్గించే చెయ్యి. నేను పప్పు పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగితే మంట తగ్గి ఉంటుంది. స్నానానికి వెళ్లేలోపు గీజర్ వేడి తగ్గి ఉంటుంది. చలికాలం హీటర్ గురించైతే మా ఇంట్లో జరిగినన్ని యుద్ధాలు ఎక్కడా జరిగి ఉండవు. ఒకసారి అడిగితే, “ఎక్కువైతే అన్నీ ఖరాబైతయి” అన్నాడు. పప్పు ఉడక్కపోయినా ఖరాబవుతుంది కదా అంటే మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గోడమీద పిల్లి. ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

నీడిల్ సరిచేసిన తర్వాతి ఆదివారం హెలికాప్టర్ మొరాయించింది. మొదటి కొద్దిసేపు బాగానే నిలబడింది. పైకి లేపబోయేసరికి గొంతు మారింది. రెక్కల చప్పుడు పలచబడి, ఎత్తు అందుకోలేక, తోక అటూ ఇటూ ఊపుకుంటూ కిందికి జారింది. ఎలాగో దించాను. తడి వేలు ఇంజన్ మీద ఆనిస్తే చుయ్‌మంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ మీద వేలు ఒక్క క్షణమైనా నిలవాలి. దీని మీద నిలవలేదు.

“వేడెక్కింది” అన్నాడు అతను, నాకు తెలియనట్టు. “ఇంటికెళ్లి అన్నీ చూసుకో. నువ్వు ఇంజనీర్‌వి కదా.”

చూసుకున్నాను. ఆ వారమంతా షిఫ్ట్ నుంచి వచ్చి గ్యారేజీలో కూర్చున్నాను. ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్ కొత్తది వేశాను. చల్లగాలి కొట్టే ఫ్యాన్ ఊడదీసి, గడ్డిపరకలు దులిపాను. ఇంధనం పోయే గొట్టానికి ఎక్కడైనా సన్నపు చిల్లు ఉందేమోనని నీళ్లలో ముంచి ఊదాను. బుడగలు రాలేదు. ఫిల్టర్ కడిగాను. సైలెన్సర్ దగ్గర గాలి పోతోందేమో చూశాను. క్లచ్ జారుతోందేమో చూశాను. అంతా బంగారంలా ఉంది. గ్యారేజీ మూల తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో హైదరాబాద్ వార్తలు వింటూ మామయ్య ఇదంతా చూశాడు. ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అనని మామయ్యను అనుమానించాలని నాకు ఎందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు. తీసినవన్నీ తిరిగి బిగించాను గానీ, నీడిల్ జోలికి మాత్రం పోలేదు. ముట్టుకోవద్దన్నాడు కదా.

తర్వాతి ఆదివారం మళ్లీ అదే కథ. ఈసారి ఇంకా త్వరగా గొంతు పడిపోయింది. గాలిలోనే ఇంజన్ ఆగిపోతే, రెక్కల్లో మిగిలిన ఊపుతో గడ్డిమీద ధబ్బున దింపాను. అతను వంగి నీడిల్‌ను వేళ్లతో పట్టుకుని, మెల్లగా లోపలికి పూర్తిగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాడు. మోకాళ్ల మీంచి లేవకుండానే అన్నాడు.

“నువ్వు దీన్ని బిగించావు.”

“లేదు.”

“నేను పెట్టిన చోట లేదు.”

“నేను ముట్టుకోలేదు.”

“మరి గాలికి తిరిగిందా?”

గొంతు అదే గొంతు, టీ కావాలా అని అడిగేటంత మెత్తగా. అతను నీడిల్ మళ్లీ తన లెక్క ప్రకారం వదులు చేశాడు. స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ తోకలా వెనక సాగింది. హెలికాప్టర్ చిటికేస్తే లేచినట్టు లేచింది. ప్యాడాక్ అవతల గొర్రెలు తలెత్తి చూశాయి. అంత బాగా ఎగిరినందుకు నాకు సంతోషం లేకపోగా ఏడుపొచ్చింది. అతని మాట నిజమని నా హెలికాప్టరే సాక్ష్యం చెబుతోంది.

దించాక అతను చెప్పాడు. “పైన తిరిగేది కత్తి. నాతో అబద్ధం చెప్పేవాళ్లకు నేను సంతకం చేయను. ఇంకోసారి నీడిల్ కదిలిందంటే, వేరే ఇన్‌స్ట్రక్టర్‌ని చూసుకో.” వేరే ఇన్‌స్ట్రక్టర్ లేడని ఇద్దరికీ తెలుసు.

మోటార్‌వే మీద ఇంటిదాకా అతన్ని తిట్టుకుంటూనే వచ్చాను, తెలుగులో, పూర్తి గొంతుతో, అద్దాలు ఎక్కించుకుని. నా అనుమానమంతా అతని మీదే. నన్ను వదిలించుకోవడానికి అతనే బిగించి, అతనే కనిపెట్టినట్టు నటిస్తున్నాడని తేల్చుకున్నాను. సరే, పట్టుకుందాం అనుకున్నాను. ఇంటికి రాగానే ఎర్ర నెయిల్ పాలిష్ తీసి, నీడిల్ మీదా దాని పక్కన ఇంజన్ మీదా కలిసేటట్టు ఒక సన్నని గీత గీశాను. నీడిల్ వెంట్రుక మందం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. వచ్చే ఆదివారం అతను ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి ఫోటో తీస్తాను. ఈ ఏర్పాటు చూసుకుని నాకు చాలా తృప్తి కలిగింది.

గీత ఆరాక రెక్కలు విప్పేసి, ఎప్పటిలాగే పెరట్లో ఇంజన్ నడిపాను. ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని కాల్చేయకపోతే లోపల తుప్పు పడుతుంది. పొగ కంచె దాటి పక్కింటికి పోయింది. పక్కన ఫిజీ ఇండియన్ ఆంటీ కిటికీ మూసుకుంది. మామయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు.

వారం మధ్యలో నాకు సెలవు. పొద్దున్న గ్యారేజీలోకి వెళ్లి చూస్తే ఎర్రగీత రెండు ముక్కలై ఉంది. పై ముక్క ఒక పక్క, కింది ముక్క ఇంకో పక్క. హెలికాప్టర్ ఇల్లు కదలలేదు. ఇన్‌స్ట్రక్టర్ మా వీధి మొహం ఎరగడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నెయిల్ పాలిష్ పట్టింది.

మామయ్య మూల కుర్చీలోనే ఉన్నాడు.

“మామయ్యా, దీన్ని మీరు తిప్పిన్రా?”

ఆయన ఫోన్ ఆపాడు. దాచే ప్రయత్నమేమీ చేయలేదు. “తిప్పకుంటె ఎట్ల? గంత పొగ కొట్టబట్టె. పక్కింటామె కిటికీ మూసుకునె. జర బిగించిన.”

“ఎన్నిసార్లు బిగించిన్రు?”

“నువ్వు నడిపినప్పుడల్ల పొగనే గద.”

అంటే పెరట్లో ఇంజన్ నడిపిన ప్రతిసారీ, నేను లోపలికి పోగానే, ఈయన వచ్చి ‘జర’ బిగించాడు. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ ముందు నేను దొంగలా నిలబడ్డాను.

“అది స్కూటర్ కాదు మామయ్యా. దానికి వేరే ఆయిల్ ఉండదు. పెట్రోల్ లెక్క పోసేదాంట్లనే నూనె కలిపి ఉంటది. ఆ పొగనే దాన్ని సల్లగ ఉంచుతది. పొగ తగ్గిందంటె లోపల కాలిపోతదని లెక్క.”

“నాకు ఇంజన్ల సంగతి జెప్తున్నవా? మా కాలనీల సగం స్కూటర్లు నేనే సెట్ చేసెటోన్ని. ఆదివారం వస్తె మా ఇంటి ముంగట లైన్ కట్టేటోళ్లు. నా చెయ్యి పడ్డ బండి పొగ కొట్టదు. మైలేజ్ ఎంతొచ్చేదో తెలుసా?”

“దీనికి మైలేజ్ ఎందుకు? ఇదేమన్న ఆఫీసుకు పోయొస్తదా?”

“మైలేజ్ లేని బండి బండేంది?”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేను ఇక ఆగలేదు. పప్పు, గీజర్, హీటర్ అన్నీ తవ్వి తీశాను. మీ చెయ్యి పడ్డదేదీ ఈ ఇంట్లో బాగుపడలేదు అన్నాను. ఆ మాటకు నాకు ఇప్పటికీ బాధ లేదు. ఆయన ముఖం గట్టిపడింది.

“నేను తప్పు జేయలే” అన్నాడు. “నీకు నడుపుడు రాక నా మీద పెడుతున్నవ్.”

తప్పు నాదేనని అక్కడ ఇన్‌స్ట్రక్టర్ ఇంగ్లీషులో అన్నాడు, ఇక్కడ ఈయన. ఎక్కడికెళ్లినా ఒకటే పాట. ఆ రోజే గ్యారేజీకి తాళం కొనుక్కొచ్చి వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. మామయ్య కుర్చీ లోపలే ఉండిపోయింది. ఆయన దాన్ని అడగలేదు, నేను ఇవ్వలేదు. అన్నం ఆయన కంచంలో నేనే పెడుతున్నాను, ఆయన తింటున్నాడు. మాటలు మాత్రం బంద్. మా ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడేవాడు.

నీడిల్‌ను ఎర్రగీత కలిసేదాకా తిప్పి, అతను పెట్టిన చోటికే తెచ్చాను. కానీ అతనికి చెప్పలేదు. చెప్పొచ్చు కదా అంటారు. చెబితే ఏమవుతుంది? ఆ మెత్తటి గొంతుతో, ‘ఓ, ఇప్పుడు మీ మామగారా?’ అంటాడు. అంటాడని కాదు అసలు. మామయ్యను నేను ఇంట్లో తిడతాను, రేపూ తిడతాను. ఆ హక్కు నాది. ఇంటిమనిషిని తీసుకెళ్లి ఆ తెల్లాయన ముందు పడేసి, ఇదిగో వీడే దొంగ అని నా నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. ఇంటి గుట్టు బయటపెట్టుకునే అలవాటు మాకు లేదు. ఇది మంచితనం అనుకోకండి. మొండితనం.

పరీక్ష పెట్టమని మెసేజ్ పంపాను. రమ్మన్నాడు. ఆ ఆదివారం మా ఆయనకు షిఫ్ట్ ఉంది. బయల్దేరుతుంటే మామయ్య స్వెటర్ వేసుకుని వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. అన్ని రోజుల తర్వాత ఆయన అన్న మొదటి మాట, “నేను గూడ వస్త.” ఎందుకని నేను అడగలేదు. ఇంట్లో వదిలితే ఇంకేం తగ్గిస్తాడోనని ఎక్కించుకున్నాను.

ప్యాడాక్‌లో బురద. మామయ్యకు మడత కుర్చీ వేసి, కాస్త దూరంగా కూర్చోబెట్టాను. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి వంగి నీడిల్ చూశాడు. నెయిల్ పాలిష్ గీత చూశాడు.

“ఇదేమిటి?”

“గుర్తు.”

“ఈసారి కదల్లేదు. మంచిది.” లేచి చేతులు తుడుచుకున్నాడు. పరీక్ష కార్డు అతని జేబులోనే ఉంది, కొస కనిపిస్తోంది. “మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. అంతకుముందు తిప్పింది నువ్వేనని చెప్పు. చాలు. నాకు కోపం లేదు. గాలిలో తప్పు జరిగితే, నా తప్పు అని చెప్పే మనిషి నాకు కావాలి. చెప్పావంటే ఇప్పుడే పరీక్ష. చెప్పకపోతే, పరీక్ష లేదు.”

అతనికి ఇది న్యాయంగానే తోచి ఉంటుంది. పిల్లికి చెలగాటం. నేను రిమోట్ పట్టుకుని నిలబడ్డాను. అవును, నేనే అని ఒక్క ముక్క అనేస్తే అయిపోతుంది. రేపటి నుంచి నా వెనక ఎవరూ ఉండరు. కానీ నేను అబద్ధాలకోరునని అతను అనుకున్నది నా నోటితోనే నిజమవుతుంది, అతను జీవితాంతం దాన్ని మెత్తటి గొంతుతో చెప్పుకుంటాడు. ఆ కార్డు కొస చూశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అనేద్దామనే నోరు తెరిచాను.

వెనక కుర్చీ కిర్రుమంది. మామయ్య బురదలో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. ఆయనకు ఇంగ్లీష్ అర్థమవుతుంది. ఊరికే మాట్లాడడు, తప్పులు పోతాయని, పరువు పోతుందని. వీధి చివర డెయిరీ కొట్టుకు పాలకు వెళ్లినా వేలితో చూపిస్తాడు.

“సార్” అన్నాడు. “షీ నో టచ్. ఐ టచ్.”

ఇన్‌స్ట్రక్టర్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

“మీరా? ఎందుకు?”

“స్మోక్, సార్. టూ మచ్ స్మోక్. ఐ థింక్ బ్యాడ్.” ఆయన చూపుడువేలూ బొటనవేలూ కలిపి గాలిలో మర బిగించి చూపించాడు. “ఎవ్రీ టైమ్ ఐ టచ్. షీ టెల్ మీ, ఐ నో లిసన్. షీ కరెక్ట్, సార్. షీ ఇంజనీర్.”

ఇంట్లో, నాతో, మా ఆయనతో, గోడతో కూడా తప్పు ఒప్పుకోని మనిషి. ఆ మాటలు విని నాకు కృతజ్ఞత కలగలేదు. కోపం వచ్చింది. ఈ నాలుగు ముక్కలు గ్యారేజీలో అని ఉంటే ఏం పోయేది?

ఇన్‌స్ట్రక్టర్ మరోసారి వంగి ఎర్రగీత చూశాడు. “సరే, మొదలుపెడదాం” అన్నాడు చివరికి. సారీ అన్నాడా అంటే, లేదు. అతని దగ్గర ఆ మాట నేను ఇంతవరకూ వినలేదు. కానీ నా భుజం వెనక నిలబడాల్సిన మనిషి, మొదటిసారి నాలుగడుగులు వెనక్కి జరిగి మామయ్య కుర్చీ పక్కన నిలబడ్డాడు.

హెలికాప్టర్ లేచింది. గాలి పక్కనుంచి తోస్తున్నా నిలబెట్టాను. చతురస్రం తిప్పాను. పైకి లేపాను, గొంతు ఎక్కడా పడలేదు. తెల్లటి పొగ వెనకే సాగి ప్యాడాక్ మీద పరుచుకుంది. దించి, ఆపి, వేలు ఆనించి చూశాను. వేలు నిలిచింది. అతను కారు బానెట్ మీద కార్డు పెట్టి సంతకం చేసి, నా చేతికివ్వకుండా రిమోట్ పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు మామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు.

“గా పొగ ఏందో గని, మస్తు తాగుతది అది.”

ఇంటికొచ్చి, గ్యారేజీ తాళం తీసి, హెలికాప్టర్‌ను బల్లమీద పెట్టాం. తోక ఆయన పట్టుకున్నాడు. తన ప్లాస్టిక్ కుర్చీని ఆయన బయటికి తెచ్చుకుంటుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

“తాళం ఇగ తీసేస్తవా?” అన్నాడు.

“తియ్యను మామయ్యా.”

ఆయన తల ఊపాడు. “తియ్యకు” అన్నాడు. “తీస్తె నా చెయ్యి ఊకుండదు.”

ఆయన కుర్చీ పట్టుకుని ఇంట్లోకి వెళ్లాడు. నేను తాళం వేసి, వంటింట్లోకి వెళ్లి పప్పు పెట్టాను.